కడిగిన పలకలు

మా వీధిలో నన్ను పాత సామాన్ల అక్క అంటారు. నా ఎదురుగానే అంటారు. మార్కాపురంలో పుట్టి, బొమ్మలు వేయడం చదువుకొని వచ్చి, తీరా బొమ్మలు వేయకుండా కాలిపోయిన బోరు మోటార్లు, తెగిన చెప్పులు, చిరిగిన మిరపకాయల గోతాలు ఇంటి నిండా పోగేసుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు? వాటిని తీగతో, మేకులతో ఒకదానికొకటి బిగించి నిలబెడతాను. రంగు పూయను, మెరుగు పెట్టను. పట్నంలో దీన్ని అసెంబ్లేజ్ అంటారని చెబితే మా మేనత్త, "ఏదైతే ఏంది అమ్మీ, కూడు పెడతాదా అది?" అనింది.

ఒకసారి అర్ధవీడు దగ్గర పల్లెలో, నీళ్లు పడని బోర్ల పైపులన్నీ అడిగి తెచ్చి ఆకాశానికి ఎత్తి కట్టాను. ఒక రైతు చుట్టూ తిరిగి చూసి, "ఇంత కష్టపడితివి గదా, దీంట్లోనన్నా నీళ్లొస్తాయా?" అన్నాడు. పట్నంలో పెద్ద పెద్ద మాటలు మాట్లాడినవాళ్ల కంటే ఆయన మీదే నాకు గౌరవం. ఆయనకు ఆ పైపులు ఏమిటో తెలుసు.

నేను చెప్పబోయేది మాత్రం పలకల గురించి. నాయన బడిపిల్లలు రాసుకునే పలకలు చేసే షెడ్డులో రాయి కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్మే. మూతికి తువ్వాలు కట్టుకోవడం తప్ప ఇంకో రక్షణ లేదు. దగ్గు మొదలైంది. టీబీ మందులు ఇచ్చారు, తగ్గలేదు. మళ్లీ అవే ఇచ్చారు. మనిషి ఎండిపోయి, నాలుగడుగులు వేస్తే కూర్చునేవాడు. చివరికి పోయాడు. పలకరించడానికి వచ్చిన షెడ్డు యజమాని మా అరుగు మీద కూర్చుని, "బీడీలు ఎక్కువ తాగినట్టున్నాడు" అన్నాడు. మా నాయన బీడీ ముట్టిన మనిషి కాదు. ఆ రోజు అరుగు మీద నుంచి ఆయన్ను లేపి పంపించలేకపోయామని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. దుమ్ము అన్న మాట ఒక్కరి నోట రాలేదు. డాక్టరు అనలేదు, యజమాని అనలేదు, కాగితాల్లో ఎక్కడా లేదు.

పలకలకు గిరాకీ పోయాక ఆ షెడ్డు మూతపడింది. కూలగొడుతున్నారని తెలిసి వెళ్లాను. నాయన నిలబడే చోట పగిలిన పలకలు కుప్పగా ఉన్నాయి, వాటి మీద మందంగా దుమ్ము పేరుకొని ఉంది. అవే కావాలనుకున్నాను. ఒక్కో పలకను ఒరగనీయకుండా, ఊపిరి తగలనీయకుండా, పళ్లెం నిండా పాలు మోసినట్టు మోసుకొచ్చాను. షెడ్డు తలుపునే అడుగుచెక్కగా నేల మీద పరిచి, వాటిని దాని మీద పేర్చాను. మధ్యలో నాయన తువ్వాలు. గమ్ము వేస్తే దుమ్ము కదలదని తెలుసు. కానీ అంటించిన దుమ్ము రంగుతో సమానం. మా నాయన లోపలికి పోయింది అంటించిన దుమ్ము కాదు. అందుకే అట్లాగే వదిలేసి, అద్దం మూత చేయించడానికి గిద్దలూరు పోయాను. మర్నాడు లారీ వస్తుంది, పట్నంలో ప్రదర్శన.

మా మేనత్త గురించి ఇక్కడే చెప్పాలి. ఆమె కూడా అదే షెడ్డులో చేసింది. ఆమెది ఆఖరి పని. చట్రం బిగించిన పలకను తడిబట్టతో తుడిచి పెట్టెలోకి సర్దడం. దుమ్ముతో ఒక్క పలక బయటికి పోయినా ఆ పూట కూలి కోసేవాళ్లు. ఈ రోజుకీ ఎవరి చేతిలోనైనా పలక కనబడితే లాక్కుని కొంగుతో తుడిచి గానీ ఇవ్వదు. ఇదంతా తెలిసిన నేను, ఇంటి తాళం ఆమె చేతిలో పెట్టి పోయాను.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందంతా తడి. పలకలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాయన తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. అత్త బకెట్టు పక్కన కూర్చొని బట్ట పిండుతోంది.

"లారీ వస్తాదంటివి గదా, సరుకు అట్ల మురికిగా పెట్టుకున్నావేంది? అన్నీ కడిగి పెట్టినా" అనింది.

నేను అరిచాను. ఏమేం అన్నానో రాయలేను. "అది నాయన చావు అత్తా! సాక్ష్యం అది! కడిగేసినావు!" అన్నంత వరకు గుర్తుంది. బకెట్టును కాలితో తన్నాను. చుట్టుపక్కల వాళ్లు బయటికొచ్చి చూశారు.

అత్త లేవలేదు. దగ్గు వచ్చింది, ఆగేదాకా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అనింది. "నువ్వు పుట్టకముందు నుంచి దుమ్ములోనే ఉండె మీ నాయన. పోయిన పొద్దు నీళ్లు పోసి శుభ్రంగా సాగనంపినాం. మళ్ల దుమ్ముతో పదిమందిలో నిలబెడతావా మాయన్నను? నేను బతికుండగా పంపియ్యను."

ఆ మాటతో నేను కరిగిపోయానని రాస్తే అబద్ధం. ఇంకా మండుతూనే ఉన్నాను. ఆమెకు ఆ కడిగే అలవాటు నేర్పిన షెడ్డు యజమాని, అదే చేత్తో మూతికి ఒక మంచి గుడ్డ కూడా ఇవ్వనివాడు, ఇప్పుడు నేలకు పరిచే రాళ్ల వ్యాపారంలో హాయిగా ఉన్నాడు. నేను మాత్రం దగ్గే ముసలామె మీద అరుస్తున్నాను.

ప్రదర్శన పెట్టే ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"అయ్యో, మీరు పంపిన ఫొటోలో ఆ దుమ్మే కదండీ అందం! సరే, కంగారు పడకండి. ఇక్కడ సిమెంటు పొడి జల్లిద్దాం. ఎవరికీ తేడా తెలీదు."

"ఏమీ జల్లొద్దు. కడిగిన పలకలే వస్తాయి. అట్లాగే పెట్టండి."

"మరి దుమ్ము లేకపోతే చూసేవాళ్లకు ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. అత్తకు మళ్లీ దగ్గు తెర వచ్చింది. ఆయన ఆగి, "వెనక ఎవరో దగ్గుతున్నట్టున్నారు, మీ మాట వినబడటం లేదు. కొంచెం పక్కకు వస్తారా?" అన్నాడు.

నేను పక్కకు పోలేదు.

"దుమ్ము కావాలన్నారు గదా. వినండి" అని ఫోన్ తీసుకెళ్లి అత్త నోటి దగ్గర పెట్టాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, చేత్తో తోసేయబోయింది, దగ్గు ఆగక తోయలేకపోయింది. అవతల ఆయన హలో, హలో అంటూనే ఉన్నాడు.