లైను బాగానే ఉంది

గరగర మామ ఒకప్పుడు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేవాడు. ఆ పని రికార్డు చేసిన గొంతుకు అప్పజెప్పి ఆయన్ని ఇంటికి పంపేశారు. ఖాళీగా ఉన్న మనిషిని ఓ ఇంటర్నెట్ రేడియో ఓనరు పిలిచి, బట్టల కొట్టు మీద రెండు గదుల స్టూడియోలో కూర్చోబెట్టాడు. పరాయి దేశాల్లో పనిచేసుకునేవాళ్లు సాయంత్రం పూట ఫోన్ చేస్తే నాలుగు కబుర్లు చెప్పి, అడిగిన పాట వేయాలి.

ఫోన్లన్నీ నెట్ మీదే వచ్చేవి. ఒకరి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది, ఇంకొకరు నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టుండేది. మొదటి రోజు ఏం చేయాలో పాలుపోక, అవతలివాడి మాట ఎలా ముక్కలై వచ్చిందో అలాగే తనూ పలికాడు. విన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. గరగర మామ అన్న పేరు అలా వచ్చి పడింది. మంచి లైను పెట్టించమని అడిగితే, "లైను బాగుపడితే నిన్నెవడు వింటాడు మామా?" అన్నాడు ఓనరు.

అన్నట్టే అయింది. వీధిలో కేబులు మార్చేసరికి గొంతులన్నీ పక్కగదిలోంచి వచ్చినంత తేటగా వినిపించసాగాయి. కార్యక్రమం చప్పబడింది. ఓనరు మొహం ముడుచుకుంది. ఈ పనీ పోతుందేమోనని మామకు భయం పట్టుకుంది.

అలాంటి ఓ సాయంత్రం ఒకామె ఫోన్ చేసింది. పరాయి దేశంలో ఎవరింట్లోనో మంచాన పడ్డ ముసలావిడకు సేవ చేస్తోందట.

"పాట ఎవరి కోసమమ్మా?"

"మా అక్క కోసమండీ. అక్క... పో... పో..."

లైను మళ్లీ తెగుతోందనుకుని మామకు ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడికి పొమ్మంటావు తల్లీ? ఇప్పుడేగా వచ్చాను."

రెండు గదుల మధ్య అద్దం అవతల ఓనరు బల్ల చరిచి నవ్వాడు.

"కాదండీ... పో..."

మామ ఆ 'పో'ని సాగదీసి, తెంపి, ఆమె వెక్కినట్టే వెక్కాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

తెల్లారేసరికి ఆ ముక్క అందరి ఫోన్లలోకీ పాకింది. ఓనరు టీ తెప్పించి మామ భుజం తట్టాడు. ఆ సంబరంలో ఉండగానే ఆమె పంపిన వాయిస్ మెసేజి వచ్చింది. గొంతులో తడబాటు లేదు.

"లైను బాగానే ఉందండీ. మా అక్క నిన్న పోయింది. నాకు సెలవివ్వలేదు. మీ రేడియో అంటే అక్కకి ఇష్టం, ఒక పాట వేయించుకుందామని చేశాను. మీరు నన్ను వెక్కిరించింది ఎవరో ఊళ్లో మా ఇంట్లో ఫోన్లో పెట్టి వినిపించారట. అక్కని ఇంకా తీసుకెళ్లలేదు అప్పటికి."

మామ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఈ రోజు క్షమాపణ చెప్తాను," అన్నాడు.

"వద్దు. నవ్వినవాళ్లందరినీ తిట్టినట్టు ఉంటుంది," అన్నాడు ఓనరు.

మామ వినలేదు. సాయంత్రం మైకు ముందు కూర్చుని, "నిన్న ఫోన్ చేసిన చెల్లెమ్మా..." అని మొదలుపెట్టాడు. "నేను... త... తప్పు..." అంతకు మించి మాట పెగల్లేదు. ఓనరు చటుక్కున గరగర శబ్దం కలిపాడు. "ఈసారి మామ లైనే కట్టయింది" అంటూ మెసేజీలు వచ్చి పడ్డాయి. "నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను" అన్నాడు మామ. ఇంకా నవ్వారు.

క్షమించమంటూ ఆమెకు విడిగా వాయిస్ మెసేజి పెట్టాడు. ఆమె విన్నట్టు గుర్తు కనిపించింది. జవాబు రాలేదు.

మానేద్దామనుకున్నాడు. ఆ వయసులో గొంతు తప్ప ఇంకేమీ లేనివాడికి పనెవరిస్తారు? మర్నాడూ వెళ్లాడు. అప్పట్నుంచి ఎవరి మాట కాస్త తడబడినా, "ఏడుస్తున్నావా తల్లీ, లైనా?" అని భయంభయంగా అడిగేవాడు. అది జనానికి అన్నిటికంటే నచ్చింది. ఓనరు ఆ ప్రశ్ననే కార్యక్రమానికి పేరుగా పెట్టాడు.

ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు కావాలనే వెక్కి వెక్కి ఏడుస్తారు. మామ అందరినీ అడుగుతాడు. ఎవరు నిజంగా ఏడుస్తున్నారో ఆయనకు తెలియదు.