ఎక్స్ఛేంజిలో దెబోరా

డెబ్బయ్యవ దశకం చివర ఆళ్లగడ్డ టెలిఫోను ఎక్స్ఛేంజికి బదిలీపై వచ్చిన దెబోరా, హెడ్‌ఫోను తగిలించుకొనే ముందు కమ్మలు తీసి బల్లమీద పెట్టేది. వీపు కుర్చీకి ఆనేది కాదు. తీగలు గుచ్చే చేయి, పూలు కట్టే చేయిలా తనంత తాను కదిలేది. "నంబరు చెప్పండి" అనే ఆ గంభీరమైన గొంతు ఉద్యోగం కోసం తెచ్చిపెట్టుకొన్నది. అసలు గొంతునూ, మరీ ముఖ్యంగా నవ్వునూ, నంద్యాల బాలికల పాఠశాలలోనే వదిలివచ్చింది. (ఆ నవ్వు వల్ల ఎన్ని పాఠాలు వరండాలో నిలబడి విన్నదో! విన్నవన్నీ కంఠస్థం చేసిందన్నది వేరే సంగతి.)

ఆళ్లగడ్డలో బట్టలకొట్టు చూసుకొనే మాబున్నీ, నంద్యాలలో బియ్యంమిల్లు నడిపే ఓబులమ్మకు తరచు ట్రంకాల్ చేసేది. ఇద్దరూ దెబోరాతో చదివినవాళ్లే. ఎవరికి ఉద్యోగమైంది, ఎవరు ప్యాపిలికి కాపురం మార్చారు, అన్నీ దెబోరా హెడ్‌ఫోనులో దొర్లేవి. ఆపరేటరు నడుమ మాట కలిపితే ఉద్యోగానికే ముప్పు. అందుకని దెబోరా పెదవి కదపక, వాళ్లు తలిచేదాకా మాబున్నీ కొట్టు గడప తొక్కకూడదనుకొని, తన పేరు వస్తుందేమోనని మాత్రం కాచుకొనేది. ఏడాది గడిచినా రాలేదు.

ఒకనాడు వచ్చింది.

"మన దెబోరా యాడుండాదో తెలుసామే?" అంది మాబున్నీ.

"మద్రాసులో పెద్ద డాక్టరైందంట. కారు దిగితే కదా, మనట్లాంటోళ్లతో మాట్లాడేదానికి!" అంది ఓబులమ్మ.

దెబోరాకు నవ్వు ఆగలేదు. ఆ పాత నవ్వే, పగలబడి, రెండు ఊళ్లకూ వినిపించింది. సూపర్వైజరు సంజీవయ్య తలెత్తి చూశాడు.

"ఏందీ, ఇది దెబోరా నవ్వు గదా! యాడుండావే?" అని అరిచింది ఓబులమ్మ.

దెబోరా సంజీవయ్యను చూస్తూనే నోరు విప్పింది.

"మీ ఇద్దరి నడుమనే ఉండానే!"