పైపు మీద మరిచిన కోటు

మా మేనకోడలు రేడియోగ్రాఫర్ లైసెన్సు పరీక్ష మూడో ప్రయత్నంలో పాసైంది. ఆ ఏడాది రాసిన నలభై ఒక్కమందిలో ఆడపిల్ల తనొక్కతే. నేను ఊరి బడిలో ఐదు వరకు చదివి, ముప్పై ఎనిమిదేళ్లు లారీల కాటా దగ్గర పనిచేసినవాణ్ణి. మా ఇంటావంటా అంత చదువు లేదు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని దాన్ని పిచ్చుక అనేవాళ్లం, ఇప్పటికీ అదే పిలుపు.

రేడియోగ్రాఫర్ అంటే ఆసుపత్రిలో ఎముకలు చూసే మనిషి కాదు. గ్యాసు పైపులకూ బాయిలర్లకూ వేసిన వెల్డింగులో పగులుందో లేదో ఫొటో తీసి తేల్చే మనిషి. బియ్యపు గింజంత ఇరిడియం ముక్క బరువైన పెట్టెలో ఉంటుంది. దూరం నుంచి తీగతో దాన్ని గొట్టంలోకి తోసి, అతుకు దగ్గర నిలిపి, ఫిల్ము మీద బొమ్మ పడ్డాక వెనక్కి లాగేస్తారు.

రెండుసార్లు పరీక్ష తప్పించింది ఒకే ప్రశ్న. ఇరిడియంలో నూట తొంభై ఒకటో రకం నిలకడగా ఉంటుంది, నూట తొంభై మూడూ ఉంటుంది, నడుమనున్న నూట తొంభై రెండుకు ఏం రోగం? మూడోసారికి నాకు ఒప్పజెప్పి మరీ నేర్చుకుంది. కేంద్రకంలో డెబ్బై ఏడు ప్రోటాన్లుంటాయి, అవన్నీ ఒకదాన్నొకటి నెట్టుకునేవే. న్యూట్రాన్‌కు ఆ తోపులాట లేదు, పక్కవాటిని పట్టి ఉంచడమే దాని పని. అందుకే ప్రోటాన్లకన్నా న్యూట్రాన్లు ఎక్కువ కావాలి. అలాగని ఎన్ని పడితే అన్ని పెట్టినా నిలవదు. జతగా ఉంటేనే పట్టు గట్టిది. నూట పద్నాలుగు న్యూట్రాన్లున్నా సరే, నూట పదహారున్నా సరే. నూట పదిహేనైతే ఒకటి ఒంటరిగా మిగులుతుంది, డెబ్బై ఏడో ప్రోటాన్‌కూ జత ఉండదు. చాలాసార్లు ఒక న్యూట్రాన్ తానే ప్రోటాన్‌గా మారిపోతుంది. అప్పుడు అన్నీ జతలే, ఇరిడియం కాస్తా ప్లాటినం అవుతుంది. మిగిలిన శక్తి కిరణాలై బయటపడుతుంది. పిచ్చుక వాళ్లు ఫొటోలు తీసేది వాటితోనే.

ఒక్కచోట మాత్రం నేను అడ్డం తిరిగాను. ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ విడివిడిగా తూచి, తర్వాత కేంద్రకాన్ని తూస్తే బరువు తగ్గుతుందని చదువుతోంది.

“కలిపితే తగ్గిందంటే మధ్యలో ఎవడో నొక్కేశాడనే. ఇన్నేళ్లు కాటా చూశాను, నాకు చెప్పకు” అన్నాను.

“ఎవరూ నొక్కలేదు మామయ్యా. కలిసేటప్పుడు శక్తి బయటికి పోయింది, ఆ మేరకు తగ్గింది. మళ్లీ విడదీయాలంటే అంత శక్తీ తెచ్చి పోయాలి. కట్టు అంటే అదే” అంది.

పరీక్షలో ఆ మాటలే చెప్పి పాసైంది. తర్వాత తొమ్మిదేళ్లలో దాని ఫిల్ము ఒక్కటి కూడా పనికిరాదని వెనక్కి రాలేదు. ఇద్దరు సీనియర్లు బాగుందని సంతకం పెట్టిన బాయిలర్‌లో వెంట్రుకంత పగులు పట్టింది. దాని పేరు కంపెనీ గోడమీద రెండుసార్లు ఎక్కింది.

అలాంటి పిల్ల పోయిన నెల కోటు మరిచింది.

ఛాతీమీద పెట్టుకునే బ్యాడ్జీని నెలకోసారి ల్యాబుకు పంపుతారు. ఒంటికి ఎంత కిరణం తగిలిందో అదే చెబుతుంది. ఈసారి ఏడాదంతటికీ అనుమతించిన దానికి ఇరవై రెట్లు చూపించింది. పిచ్చుకను ఆ పూటే పనినుంచి పక్కన పెట్టారు. బాగా ఆలోచించుకుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఒకరోజు ఉక్కపోతకు కోటు విప్పి, ఫొటో తీయాల్సిన పైపు మీదే వేసింది. బ్యాడ్జీ దానికే ఉంది, కిరణం తగిలితే మోగే అలారం డబ్బీ దాని జేబులోనే ఉంది. అలారం మోగే ఉంటుంది, కానీ గ్రైండర్ల హోరులో ఎవరికి వినబడుతుంది? తను మాత్రం కిరణాలకు అడ్డుగా ఉన్న గోడ వెనకే ఉన్నానంటుంది. జోడీగా పనిచేసే అతన్ని అడిగితే, కోటు చూశాననీ చెప్పలేను, చూడలేదనీ చెప్పలేనన్నాడు.

“బ్యాడ్జీ అబద్ధం చెప్పదు మామయ్యా. ఆ రోజు అది నా ఒంటిమీద ఉందో పైపు మీద ఉందో మాత్రం చెప్పలేదు. నేనే చెప్పాలి. నా మాటకు సాక్షి లేడు” అంది. అంతకుముందెప్పుడూ దాని గొంతు అలా వినలేదు.

ఇక మిగిలిన సాక్షి రక్తమే. కణాల్లోని క్రోమోజోములు తెగి, తప్పుగా అతుక్కున్నాయేమో ఒక్కొక్కటే లెక్కపెడతారట. లెక్క తేలేదాకా రోజూ రక్తం చూడాలని ఆ లెక్క చూసే ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. బయల్దేరే రోజు మా చెల్లెలు కూతురి తల దువ్వి, దువ్వెన వెలుతురుకు పట్టి చూసింది. రెండు వెంట్రుకలు ఉన్నాయి. ఎప్పుడూ ఉండేవేనన్నాను. నీకేం తెలుసు, కాటా మనిషివి, అంది. నిజమే.

ఐదొందల కణాలు చూడాలి. ఒంటికే తగిలి ఉంటే పది దాకా అతుకులు కనబడతాయని డాక్టరమ్మ చెప్పింది. నిన్న ఫోను చేసింది. మూడొందల నలభై చూశారు, ఒక్కటి దొరికింది. ఒకటి ఎవరి రక్తంలోనైనా ఉండొచ్చట. చెల్లెలికి ఆ ‘ఒకటి’ తప్ప ఇంకేమీ వినబడలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నేను మాత్రం పేపరు అంచున గీతలు గీస్తున్నాను, ఇంకా నూట అరవై.

అవీ శుభ్రంగా ఉంటే కోటు మాటే నిజమని రాసి, పిల్లను పంపేస్తారట. లెక్క పదమూడున ముగుస్తుంది. పిచ్చుక ఇంటికి రావలసింది పద్నాలుగో తేదీ, గురువారం.