దారి అప్పజెప్పడం

లారీల యార్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ఉంటే "సర్వేగారు", అటు తిరిగితే "అనుమానాలాయన". రెండో పేరు సంగతి ఆయనకు తెలుసు. అది ఎవరు పెట్టారో మాత్రం ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు.

ఆయన పని దారులు చూడటం. మామూలు లారీకి దారి ఎవరైనా చెబుతారు. ఈ యార్డు నుంచి బయల్దేరేవి మామూలు లారీలు కావు. ఇల్లంత బాయిలర్లనూ గదులంత మోటార్లనూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకుపోయే ట్రైలర్లు. వాటికి మలుపు కాస్త ఇరుకైనా, కరెంటు తీగ కాస్త వేలాడినా, వంతెన కాస్త కురచైనా ఇక అంతే సంగతులు. అందుకే సరుకు కదలకముందే ఆయన జీపులో ఆ దారంతా తిరిగి, అనుమానం వచ్చిన చోటల్లా దిగి నడిచి వస్తాడు. అనుమానం రాని చోటు ఉండదు కాబట్టి నడకే ఎక్కువ. ఎక్కడైనా దారి అడగాల్సి వస్తే ముగ్గురిని అడుగుతాడు. ముగ్గురూ ఒకే మాట చెబితే, కూడబలుక్కున్నారేమోనని నాలుగోవాడిని అడుగుతాడు. ఇంట్లోనూ అదే వరస. తాళం వేసి లాగి చూస్తాడు, వీధి చివరి దాకా వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ లాగి చూస్తాడు.

ఇంత లోకంలో ఆయన నమ్మింది ఒక్క తన వెదురు గడనే. ట్రైలర్ మీద సరుకు మహా అయితే ఎంత ఎత్తు ఉండొచ్చో అంత పొడుగుకి, ఎందుకైనా మంచిదని ఇంకో బెత్తెడు కలిపి, ఉద్యోగంలో చేరిన కొత్తలో కోయించుకున్నాడు. ఏ వంతెన కింద ఆ గడ నిటారుగా నిలబడితే ఆ వంతెన కింద సరుకు దూరుతుంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. రోడ్ల మీద ఆనించి ఆనించి అడుగు నలిగి చీలికలు పడితే, ఇంటి వెనక కూర్చుని చిన్న రంపంతో ఆ నలిగిన కొస తీసేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుకుంటాడు.

"నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా చూశారా?" అని భార్య దెప్పితే, "అది ఎదురు చెప్పదు" అనేవాడు.

యార్డులో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. దారిని కాగితం మీద రాసివ్వడు. కాగితం ఎవడి చేతిలోనైనా పడొచ్చు. గోడ మీది పటం దగ్గర డ్రైవరును నిలబెట్టి నోటితో చెబుతాడు. బయల్దేరే రోజు పొద్దున్నే డ్రైవరు అందరి ముందూ చేతులు కట్టుకుని, దారి మొత్తం మలుపు మలుపునా అప్పజెప్పాలి, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. తడబడితే "మొదటి నుంచి" అంటాడు. మళ్లీ తడబడితే బండి తాళంచెవి ఇంకొకరికి పోతుంది. తల నెరిసిన డ్రైవర్లు కూడా ఆ "మొదటి నుంచి"కి హడలిపోయేవాళ్లు.

నిరుడు ఒక పాత డ్రైవరు తీసుకెళ్లిన మోటారు ఒక వంతెనకు గీసుకుని పైరేకు లేచిపోయింది. గడ దూరిన వంతెనే అది. "టైర్లలో గాలి ఎక్కువ కొట్టించి ఉంటావు, బండి లేచింది" అన్నాడు సర్వేగారు. గాలి సరిగ్గానే ఉందని అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఒట్లు వేసేవాళ్లంటే ఈయనకు మరీ అనుమానం. అతని ఉద్యోగం పోయింది. ఇప్పుడు రోడ్డు అవతలి పెట్రోలు బంకులో లారీలు కడుగుతున్నాడు.

అలాంటి యార్డుకు ఒక పెద్ద బాయిలర్ వచ్చింది. ట్రైలర్ మీద మహా అయితే ఎంత ఎత్తు ఉండొచ్చో సరిగ్గా అంత, వెంట్రుకవాసి కూడా తక్కువ లేదు. దేశం అవతలి కొసన ఉన్న ఫ్యాక్టరీకి చేర్చాలి. తీసుకెళ్లేది సర్వేగారి బావమరిది. అక్క పెళ్లినాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. స్టీరింగు పట్టించిందీ, యార్డులో పెట్టించిందీ బావే. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు సెలవు పెడితేనే అతనికి బండి. ఈ సరుకు క్షేమంగా చేరిస్తే కొత్త ట్రైలర్ శాశ్వతంగా నీదేనని యజమాని మాటిచ్చాడు.

సర్వేగారు దారంతా తిరిగొచ్చి, పటం మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టి చూపించాడు. బావమరిది అన్నిటికీ తలూపాడు కానీ రైలు వంతెన దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఈ వంతెన వద్దు బావా. చుట్టూ తిరిగి కొండ పక్క నుంచి పోదాం."

"ఒక పగలు వృథా. ఎందుకు?"

"ఊరికే. అటు రోడ్డు బాగుందన్నారు."

"ఎవరన్నారు?"

బావమరిది గోడ వైపు చూశాడు. అంతే, సర్వేగారి బుర్రలో పురుగు దొలచడం మొదలుపెట్టింది. మంచి దారి మానుకుని చుట్టుదారి కోరేవాడికి ఆ దారిలో ఏదో పని ఉండే ఉంటుంది. దొంగసరుకు ఎక్కించుకుంటాడా? డీజిలు అమ్ముకుంటాడా?

ఆ రోజు నుంచి కళ్లన్నీ వాడి మీదే. బంకు దగ్గర ఆ పాత డ్రైవరుతో భుజం భుజం ఆనించుకుని మాట్లాడుతూ కనబడ్డాడు. ఈయన్ని చూడగానే ఇద్దరూ మాట మింగేశారు. మర్నాడు బావమరిది సంచిలోంచి కొలిచే టేపు జారిపడింది. డ్రైవరుకు టేపెందుకు? ఆ తర్వాత షెడ్డులో గడ తాను పెట్టిన చోట కాకుండా అవతలి గోడకు ఆనించి ఉంది. సర్వేగారి ఒళ్లు మండిపోయింది. ఇంటికొస్తే వంటింట్లో అక్కాతమ్ముళ్ల గుసగుసలు. ఈయన చెప్పులు విడిచిన చప్పుడుకే ఆగిపోయాయి.

"ఏంటి సంగతి?"

"ఏముందండీ, వాడి చొక్కా బొత్తాం ఊడితే కుడుతున్నా" అంది భార్య. చేతిలో సూదీ లేదు, దారమూ లేదు.

కట్టుకున్నది కూడా వాళ్ల జట్టేనన్నమాట. ఆయనకు కోపం కన్నా దుఃఖం ఎక్కువ వచ్చింది. బావమరిది తాను వేలు పట్టుకుని పెంచినవాడు. అయినా సరే, వాడికి తాళంచెవి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాడు. అప్పజెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట తడబడకపోడు. తడబడకపోతే తడబరచడం ఈయనకు తెలియని విద్య కాదు.

బయల్దేరే రోజు పొద్దున యార్డంతా చుట్టూ నిలబడింది. యజమాని తాళంచెవి సర్వేగారి చేతిలో పెట్టాడు. తమ్ముడి ప్రయాణమని భార్య కూడా అన్నం క్యారియరుతో వచ్చి గేటు దగ్గర నిలబడింది. బావమరిది చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. గేటు దాటి ఎడమ, పాలకేంద్రం దగ్గర కుడి, నీళ్ల ట్యాంకు ముందు వేగం తగ్గించి... ఎక్కడా గుక్క తిప్పుకోలేదు. రైలు వంతెన దగ్గరకొచ్చాడు.

"అక్కడ ఆగిపోతాను బావా."

"ఎందుకు ఆగుతావురా? ఎవరైనా కాచుకుని ఉంటారా?" సర్వేగారి గొంతు యార్డంతా వినబడింది. "బంకులో నీ గురువుగారేమైనా నేర్పాడా?"

బావమరిది ముఖం ఎర్రబడింది. అక్క వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

"నీ గడ తీసుకొచ్చి బండి పక్కన నిలబెట్టు బావా."

నలుగురూ చూస్తున్నారు కాబట్టి తప్పలేదు. సర్వేగారు గడ తెచ్చి ట్రైలర్ పక్కన నిటారుగా నిలబెట్టి, తలెత్తాడు. గడ చివరను దాటిపోయి, ఇంకా బెత్తెడు పైన ఉంది బాయిలర్ అంచు.

ఎవడో కోశాడు! ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. గడను తలకిందులు చేసి కొస చూశాడు. రంపపు కోత, దాని మీద గరుకు కాగితంతో నున్నగా రుద్దిన మెరుపు. అంత ముద్దుగా రుద్దే చేతులు ఈ భూమ్మీద ఒక్కడివే. నలిగినప్పుడల్లా కాస్త, చీలినప్పుడల్లా కాస్త. తీసేసిన ముక్కలను ఆయన ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

"నిరుడు మోటారు వంతెనకు ఎలా గీసుకుందో పాత డ్రైవరు చెప్పాడు. గాలి సరిగ్గానే ఉందన్నాడు. సరే చూద్దామని టేపు పెట్టి గడను కొలిచా" అన్నాడు బావమరిది, నేల చూపులు చూస్తూ.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే ఏమనేవాడివి బావా?"

సర్వేగారు గడ కొస వైపు మళ్లీ చూశాడు. నువ్వే కోశావురా అనేవాడు. ఇంతకుముందే అనబోయాడు కూడా.

"మంచి సమయం చూసి నేను చెబుతానన్నానండీ. మీ దగ్గర అలాంటి సమయం దొరకలేదు" అంది భార్య మెల్లగా.

"ఆ చుట్టుదారి చూశావా?" అని బావమరిదిని అడిగాడు సర్వేగారు.

"ఆదివారం మోటారు సైకిలు మీద వెళ్లి చూసొచ్చా. టేపుతో."

"అప్పజెప్పు."

బావమరిది చెప్పాడు. సర్వేగారు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తాళంచెవి వాడి చేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఆ పిడికిలిని కాసేపు వదల్లేదు. బాయిలర్ గేటు దాటి ఎడమకు తిరిగేదాకా చూసి, యజమానితో ఏదో చెప్పి, గడ భుజాన వేసుకుని రోడ్డు దాటాడు.

గడతో వస్తున్న మనిషిని చూసి పాత డ్రైవరు నీళ్ల పైపుతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. ఈయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని రోడ్డు వైపూ చూశాడు. ఆ చూపు సర్వేగారికి కొత్త కాదు. అద్దంలో రోజూ చూసేదే.

"మళ్లీ ఏం చేశానని వచ్చారు?"

"గాలి కాదయ్యా. నిరుడు... యజమానితో చెప్పాను, నిన్ను మళ్లీ... ఈ గడ... నేనే..." మాట ఎటూ పోలేక ఆగిపోయింది. ఆయన నోరు అంతలా తడబడటం యార్డులో ఎవరూ ఎరగరు.

పాత డ్రైవరు కుళాయి కట్టేశాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, నింపాదిగా బల్ల మీద కూర్చున్నాడు.

"మొదటి నుంచి" అన్నాడు.

సర్వేగారు గడను గోడకు ఆనించి, చేతులు కట్టుకుని, మొదలుపెట్టాడు.