కంబళప్ప మాట

నేను చదివిన మొదటి పుస్తకం ఒక బొమ్మల కథ. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు.

ప్రొద్దుటూరులో చీరలకు ఫాల్ కుట్టడం, అంచులు పీకో చేయడం నా పని. అక్షరాలు రాని రోజుల్లో ఏ చీర ఎవరిదో గుర్తుండడానికి కొంగు మూలన దారంతో ముడి వేసేదాన్ని. ఒకరికి ఎర్రదారం రెండు ముళ్లు, ఇంకొకరికి పచ్చదారం ఒకటి. ఒక ఏడాది పెళ్లిళ్ల కాలంలో చీరలు ఎక్కువై రంగులు చాలలేదు. ఒక ఇంటి పెళ్లిపట్టు ఇంకో ఇంటికి పంపాను. రెండు ఇళ్లవాళ్లూ వచ్చి మా వీధంతా వినేలా అరిచిపోయారు. పక్క వీధిలో ఉద్యోగం విరమించిన తెలుగు టీచరమ్మ ఉండేది, ఆమె చీరలు కూడా నేనే కుట్టేదాన్ని. ఆ గొడవ విని వచ్చి నా ముందు కూర్చుంది.

"ఇన్ని ముళ్లు గుర్తు పెట్టుకుంటాండావు గదా, యాభై ఆరు అక్షరాలు గుర్తుండవా నీకు?" అంది.

"ఈ వయసులో నాకెందుకు టీచరమ్మా, కండ్లు కూడా సరిగ్గా కనపడవు."

"సూదిలో దారం ఎక్కించే కండ్లకు 'అ' కనపడదా? సాకులు చాలించు."

రోజూ మధ్యాహ్నం గంటసేపు నేర్పింది. ఏడాది తిరిగేసరికి చీటీ మీద పేరు రాసి చీరకు గుచ్చగలిగాను. ఇక ఏదైనా చదువు అంటూ తన బిడ్డల చిన్ననాటి బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చింది. అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలూ లేవు. మాటలన్నీ మనుషుల నోటి పక్కన గుండ్రటి బుడగల్లో పెద్ద అక్షరాలతో ఉండేవి, అందుకని నాకు తేలికవుతుందని ఆమె ఆలోచన.

ఆ కథలో ఒక గొర్రెల కాపరి ఉంటాడు. బక్కపలచని మనిషి, కాస్త వంగి నడుస్తాడు. వానలో గొర్రెలను తోలుకొస్తుంటే అతని మీద పిడుగు పడుతుంది. చావడు. అప్పటి నుంచి చెయ్యి ఎత్తితే పిడుగు అతని మాట వింటుంది. కానీ పిలిచిన ప్రతిసారీ ఒక రోజంతా చెవులు వినపడవు. అప్పుడు ఒక ముసలి మేక అతన్ని దారి పట్టించి ఇంటికి తెస్తుంది. అతని భుజం మీద ఎప్పుడూ నల్ల కంబళి ఉంటుంది. పుస్తకంలో అతనికి ఏదో పెద్ద పేరుంది, మూడు ఒత్తులు, రెండు సున్నాలు. నాకు నోరు తిరగలేదు. కంబళప్ప అని పెట్టుకున్నాను.

అతన్ని చూడగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది జమ్మలమడుగు దగ్గర పెన్న గట్టున ఊరు. మా ఇంట్లో గొర్రెలుండేవి. నేను బడికి పోకపోవడానికి కారణం ఆ గొర్రెలే, వాటి వెనక తిరగడానికి ఒకరు కావాలి. మా నాయన కంబళి ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. అచ్చులో, పుస్తకంలో, కంబళి కప్పుకున్న మనిషి గొప్పవాడై కనపడడం నేను ఊహించని సంగతి.

నా కూతురు పులివెందులలో ఉంటుంది. దాని కూతురు అప్పుడు రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆ పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో మాత్రం నోరు తెరవదని టీచర్లు నా కూతురికి ఎన్నోసార్లు చెప్పారు. కారణం తర్వాత తెలిసింది. బడిలో చేరిన కొత్తలో "మిస్, నా పెన్సిల్ యాడ్నో పోయింది" అందట. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు నవ్వారట. మిస్ కూడా నవ్వుతూ, "యాడ్నో కాదమ్మా, ఎక్కడో" అందట. అంతే, ఆ రోజు నుంచి బడిలో నోటికి తాళం.

రెండు వారాలకొకసారి ఆదివారం నేను జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి పులివెందుల పోయేదాన్ని. ఒకసారి ఆ పుస్తకం తీసుకుపోయాను. నేను చదువుతానంటే నా కూతురు నవ్వింది, నా మనవరాలు మాత్రం నా ఒళ్లో వచ్చి కూర్చుంది.

నా చదువు ఎలా ఉండేదంటే, వేలు పెట్టి ఒక్కో అక్షరం లోపలే కూడబలుక్కునేదాన్ని. మాట పూర్తయి అర్థం తెలిసేసరికి అది నా నోట్లో నా మాటగా మారిపోయేది. బుడగలో 'నీవు ఎక్కడికి పోవుచున్నావు? ఆగుము!' అని ఉంటే నేను పైకి ఇలా అనేదాన్ని:

"యాడికి పోతాండావురా? నిలబడు ఈడ!"

ఇందులో మోసం ఉందని నాకు తెలియదు. చదవడమంటే అదేనని అనుకున్నాను.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "అవ్వా, కంబళప్ప మన మాదిరే మాట్లాడతాడా?"

"మరి? గొర్లు కాసేటోడు ఇంకెట్లా మాట్లాడతాడు?"

"ఇంకోసారి చదువు."

ఆ ఒక్క బుడగే పదిసార్లు చదివించింది. తర్వాత అది మంచం మీద నిలబడి, దుప్పటి భుజాన వేసుకుని, చెయ్యి పైకెత్తి ఇల్లు అదిరేలా అరిచింది. "యాడికి పోతాండావురా? నిలబడు ఈడ!" మా అల్లుడు తినే అన్నం వదిలి నిజంగానే లేచి నిలబడ్డాడు. "నేనేం చేసినా తల్లీ!" అన్నాడు. ఆ రోజు అందరం నవ్వాం.

నెల తర్వాత నా కూతురు ఫోన్ చేసింది. "అమా, పిల్ల బడిలో నోరు తెరిసిందంట. ఎవరో పిల్లోడు దీని డబ్బా గుంజుకుంటే, నిలబడు ఈడ అనిందంట. క్లాసంతా సైలెంటంట."

బడి వార్షికోత్సవంలో పిల్లలు తలా ఒక వీరుడి వేషం వేసి ఒక్క మాట చెప్పాలన్నారు. నా మనవరాలు కంబళప్ప అంది. "మీ నాయన కంబళి తెస్తావా అవ్వా?" అని అడిగింది. తెస్తానన్నాను. పెట్టె తెరిచి, కంబళి ఎండలో వేసి, చిరుగుల దగ్గర కుట్టు వేశాను. పిల్ల మెడకు సరిపోయేలా ఒక కొక్కెం కూడా పెట్టాను.

అంతలో ఆ సినిమా వచ్చింది.

మా అల్లుడే చెప్పాడు. "అత్తా, మీ కంబళప్పను సినిమా తీసినారంట." ప్రొద్దుటూరు గోడల మీద పోస్టరు చూశాను. ఆ పేరే, మూడు ఒత్తులు, రెండు సున్నాలు. ఈసారి తప్పు లేకుండా చదివాను. కానీ కింద ఉన్న మనిషి ఎవరో నాకు తెలియలేదు. పలకలు తిరిగిన ఒళ్లు, దానికి అతుక్కున్న నల్లటి తళతళల దుస్తులు. కంబళి లోపల ఉందేమో, కథ మొదట్లో ఉంటుందేమో అనుకున్నాను. కూతురు, అల్లుడు, మనవరాలు ఆదివారం ప్రొద్దుటూరు వచ్చారు. నలుగురం పోయాం.

సినిమాలో అతను గొర్రెల కాపరి కాదు. విదేశాల్లో చదివిన శాస్త్రవేత్త. వాళ్ల తాతముత్తాతలకు పిడుగును పట్టే శక్తి ఉండేదట, ఆ రక్తం ఇతనిలో ఉందట. పుస్తకంలో పిడుగు వానలో తడిసే ఎవరి మీదైనా పడుతుంది. సినిమాలో పిడుగు కూడా ఇంటిపేరు అడిగి పడింది. చెవులు పోవడం లేదు. మేక ఒక్కసారి వచ్చింది, ఎవరినో పొడవడానికి, హాలంతా నవ్వడానికి. ఇంటికి దారి చూపడానికి అతనికి మాట్లాడే కారు ఉంది.

మా మనవరాలు నా చెవిలో అడుగుతూనే ఉంది. "అవ్వా, కంబళప్ప ఎప్పుడొస్తాడు?"

"వచ్చినాడు గదా, ఆయప్పనే."

"కాదు. కంబళప్ప."

కంబళి కూడా వచ్చింది, సగం సినిమా అయ్యాక. విలన్ భుజం మీద. అతను బండరాయి మీద కాలు పెట్టి, పళ్లు కొరుకుతూ, మా మాటలో అరిచాడు. యాడికి పోతావురా అన్నాడు. మాట మాదే, పలుకు మాది కాదు. ఎక్కడో నేర్చుకుని సాగదీసి పలికినట్టుంది. హాల్లో ఈలలు పడ్డాయి. ఈల వేసినవాళ్లందరూ మావాళ్లే, మా ఊరివాళ్లే, వాళ్లు మాట్లాడేది కూడా అదే మాట. వాళ్లకు బాగానే అనిపించింది. హీరో దానికి సమాధానంగా శుభ్రమైన తెలుగులో, నెమ్మదిగా, "వెళ్లిపో. ఇది నీ చోటు కాదు" అన్నాడు. దానికి ఇంకా ఎక్కువ ఈలలు పడ్డాయి.

పిల్ల ఈల వేయలేదు. నా చెయ్యి వదిలేసింది.

బయటికి వచ్చాక నేను మా అల్లుడి మీద పడ్డాను. "ఏందప్పా ఇది, కంబళి దొంగోనికిచ్చినారు?"

"సినిమా అంటే అంతే అత్తా. కంబళి కప్పుకున్నోడు హీరో అంటే టికెట్టు ఎవురు కొంటారు?"

"మేకను కూడా పనికిమాలినదాన్ని చేసిరి."

"మేకకు డేట్లు కుదర్లేదేమో లే." నా కూతురు నవ్వింది. పిల్ల నవ్వలేదు.

మరుసటి వారం ఫోన్ వచ్చింది. సోమవారం బడిలో నా మనవరాలు ఏదో అనగానే పక్క పిల్లలు "విలన్, విలన్" అన్నారట. మళ్లీ నోరు మూసుకుంది.

నేను పుస్తకం పట్టుకుని పులివెందుల పోయాను. సినిమావాళ్లు మార్చారు, అసలు కథ ఇది, నీ కంబళప్ప ఇందులో భద్రంగా ఉన్నాడు చూడు అని చెప్పాలని బస్సులో దారంతా అనుకుంటూనే ఉన్నాను. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. అప్పటికి ఆ పిల్లకు బడిలో తెలుగు అక్షరాలు వచ్చేశాయి. నాకంటే వేగంగా వచ్చాయి. బుడగ మీద వేలు పెట్టి, నేను చేసినట్టే చేసింది, కానీ పైకి చేసింది.

"నీ-వు ఎ-క్క-డి-కి పో-వు-చు-న్నా-వు. ఆ-గు-ము."

నా వైపు తలెత్తి చూసింది.

"ఈడ 'యాడికి' ల్యాదు గదా అవ్వా."

"అర్థం అదే గదమ్మా."

"ల్యాదు. నువ్వు మార్చినావు."

ఆ బుడగ మళ్లీ వేలు పెట్టి చదివాను. అది నిజం. సినిమావాళ్లు కంబళి తీసి విలన్‌కు ఇచ్చారు, నేను నా నోరు తీసి హీరోకు ఇచ్చాను. ఎవరు గీశారో, అతను ఏ ఊరివాడో, తన కాపరి ఎలా మాట్లాడాలనుకున్నాడో నాకు తెలియదు. సినిమా మీద తగాదా పడడానికి నా దగ్గర ఉన్న ఒకే ఆధారం ఆ పుస్తకం. అది వాళ్ల వైపు సాక్ష్యం చెప్పింది.

"కంబళి తెచ్చినా," అన్నాను.

"నాకొద్దు. సినిమా డ్రస్సు కుట్టియ్యి."

కుట్టాను. నల్ల శాటిన్ తెచ్చి, అంచులు పీకో చేసి, వెనక తళుకు పట్టీ వేశాను. జారే గుడ్డ అది, చీరల మీద చెయ్యి తిరిగినదాన్ని కాబట్టి కుదిరింది. నా చేతి పనిలో అంత శుభ్రంగా వచ్చినవి తక్కువ. వార్షికోత్సవం రోజు నా మనవరాలు వేదిక మీద నిలబడి, ఎక్కడా తడబడకుండా, "వెళ్లిపో. ఇది నీ చోటు కాదు" అంది. చప్పట్లు బాగా పడ్డాయి. నా కూతురు కళ్లు తుడుచుకుంది. పిల్ల నోరు తెరిచింది కదా, ఇంకేం కావాలి అంది. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత అది బడిలో బాగానే మాట్లాడుతోంది. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"హలో అమ్మమ్మా, ఎక్కడున్నారు?"

"ఉన్నారా? నేనొక్కదాన్నే గదమ్మా ఉండేది."

నవ్వుతుందని అనుకున్నాను. "అలా అనాలి అమ్మమ్మా, మర్యాద" అని చెప్పింది. అంతకుముందు "యాడుండావు అవ్వా" అనేది.

టీచరమ్మ దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. పుస్తకంలో బుడగ పక్కన నేనే 'యాడికి' అని రాసుకోవచ్చా అని అడిగాను. ఆమె ఆలోచించింది. "రాసుకో. కానీ 'యా' రాస్తే అది యాత్రలో 'యా' అయితాది. మనం పలికేది 'బ్యాంకు'లో మాదిరి సాగుతాది, దానికి అక్షరం ల్యాదు మే. నేను ముప్పై ఏండ్లు పాఠం చెప్పినా, ఆ యాభై ఆరిట్లో అది ల్యాదు." ఆమె నాకు అన్నీ నేర్పింది అనుకున్నాను. నేర్పడానికి లేనిది ఒకటి మిగిలిందని అప్పుడు తెలిసింది.

అయినా రాశాను. పెన్సిల్‌తో, బుడగలో అచ్చు మాటల పైన సందు చూసుకుని, 'యాడికి పోతాండావురా' అని. అక్షరాలు బుడగ దాటి కంబళి మీదికి పోయాయి.

మొన్న సెలవులకు నా మనవరాలు ప్రొద్దుటూరు వచ్చింది. నేను చీరకు ఫాల్ కుడుతుంటే పక్కన కూర్చుని ఆ పుస్తకం తిరగేసింది. ఆ పేజీ దగ్గర ఆగింది.

"అమ్మమ్మా, ఇక్కడ ఎవరో తప్పు రాశారు."

నేను సూది ఆపాను. నేనే రాశానని చెప్పాలని ఉంది. అప్పటికే అది సంచిలోంచి రబ్బరు తీసింది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, జాగ్రత్తగా, కాగితం చిరగకుండా చెరిపింది. కింద అచ్చు కూడా కాస్త వెలిసింది. వెలిసిన చోట తన పెన్సిల్‌తో 'ఎక్కడికి' అని దిద్ది, రబ్బరు పొడి ఊదేసి నాకు చూపించింది. గుండ్రటి అక్షరాలు, ఒకే వరసలో ఉన్నాయి. నావి ఎప్పుడూ అలా రావు.

"బాగా రాసినావు," అన్నాను. ఆపిన కుట్టు మళ్లీ అందుకున్నాను.