రేడియోకు కప్పిన గొంగడి

ఈ మధ్య మూలనపడ్డ మా లావుపాటి పాత టీవీని తీసేసే ముందు ఒకసారి పెట్టి చూశాం. బొమ్మ రాలేదు గానీ, వెనకనుంచి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. గాజు పగలగొట్టకండి, లోపల చెయ్యి పెట్టకండి అని నేను కేకలేస్తుంటే పిల్లలు నవ్వారు. నవ్వరూ మరి, ఆ వాసన వాళ్ళకేం తెలుసు!

తిరుమలగిరికి కరెంటు వచ్చిన కొత్తలో, కిరాణా దుకాణం నడిపే మా బాపు హైదరాబాదు నుంచి వాల్వుల రేడియో తెచ్చాడు. మీట తిప్పాక లోపలి గాజుబుడ్లు ఎర్రగా కాగి, కాలిన దుమ్ము వాసన ఇల్లంతా అల్లుకుంటే గానీ దానికి మాట పెగిలేది కాదు. ముందువైపు గుండ్రటి ఆకుపచ్చ దీపం ఒకటి, స్టేషను సరిగ్గా కుదిరితే పిల్లికన్నులా ముడుచుకునేది. బాపు తల్లి, మా అవ్వ, ఆ కన్ను ఎదుటికి వస్తే కొంగు నెత్తిమీదికి లాక్కునేది. మేం చిర్రగోనె ఆడి దుమ్ముకాళ్ళతో వచ్చి కంచాల ముందు కూర్చోగానే, "గది సూస్తాంది, పోరగాండ్లకు తిన్నది ఒంటికి పట్టదు" అంటూ రేడియోమీద తువ్వాల కప్పేది. మీట ముట్టుకునే అధికారం బాపు ఒక్కడిదే కాబట్టి, పాట ఆ తువ్వాల కిందే సాగిపోయేది. మా అమ్మ అత్త ముందు పెదవి విప్పే మనిషి కాదు.

సద్దుల బతుకమ్మ నాడు అరుగంతా తంగేడు, గునుగు పూలు, వంటింటి నిండా నువ్వుల సద్ది, పులిహోర, నెయ్యి కారే మలీద ముద్దలు. తిండి ఘనంగా ఉంటే దిష్టీ ఘనంగా తగులుతుందనుకుందేమో, అవ్వ ఆ రోజు బాపు గొంగడి తెచ్చి రేడియోను వెనకా ముందూ చుట్టేసింది. మేమింకా తింటుండగానే పాట గరగరలాడి ఆగిపోయింది, గొంగడి సందుల్లోంచి పొగ లేచింది. అవ్వ బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచి ఎత్తింది.

"అత్తమ్మా, నీళ్ళు పొయ్యకు!"

అమ్మకు అంత గొంతుందని మాకు అప్పుడే తెలిసింది. పరుగున వచ్చి అవ్వ చేతిమీద ఒక్కటి వేసింది. చెంబు ఎగిరి నీళ్ళన్నీ మా కంచాల్లో పడ్డాయి. అమ్మ పొడి కొంగు చేతికి చుట్టుకుని ప్లగ్గు లాగేసి, గొంగడిని వాకిట్లోకి విసిరింది. ఆ తర్వాత గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. అత్తమీద చెయ్యెత్తిన కోడలికి ఆ రోజుల్లో పుట్టింటి దారే గతి.

"మొన్న తడిగుడ్డతోని రేడియో తుడుస్తుంటే కరంటు నన్ను గుంజింది అత్తమ్మా," అంది అమ్మ. "మీట బందువెట్టే ఉండె. మోచెయ్యి దాక మొద్దువారింది."

"మరి చెప్పకపోతివేందే?"

"నన్నే తిడ్తరనుకున్న."

అవ్వ వంటింట్లోకి పోయి గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చింది. మాకేననుకుని వరుసగా నిలబడ్డాం. మమ్మల్ని పక్కకు నెట్టి, అమ్మను గడప దగ్గర కూర్చోబెట్టి, తలచుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పిల్లలకు తప్ప ఇంకెవరికీ అవ్వ దిష్టి తీయగా మేమెన్నడూ చూడలేదు.

ఇప్పటి తెరలు పలక కన్నా పలచన. వాసనా లేదు, లోపల ఏముందోనన్న భయమూ లేదు, పిల్లలు వాటిని చూస్తూనే తింటున్నారు. అవ్వ ఎప్పుడో పోయింది, అమ్మా పోయింది. ఆ పండుగ ముచ్చట ఎత్తినప్పుడల్లా అమ్మ పొగ గురించి గానీ, కరెంటు గురించి గానీ చెప్పేది కాదు.

"దిష్టి తీస్తుంటే మా అత్త చెయ్యి వణికింది బిడ్డా," అనేది.