ప్రభువు బల్ల కింద పాతిన కుండ

సహోదరులారా, మీ సంఘం సొమ్ము ఈ క్షణాన ఎక్కడుందో మీలో ఎందరికి తెలుసు?

నాకు తెలుసనే అనుకున్నాను. మా మణికొండలో స్త్రీలు వంట చేసే ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం ప్రభువుకని పక్కన పెడతారు, ఆ బియ్యం అమ్మగా వచ్చిన రూపాయలకు సంఘపెద్దనైన నేనే కావలి, వానలు మొదలవగానే చలిజ్వరాలకు పట్నం నుంచి కంపౌండరును, కునైనును రప్పించడానికే ఆ సొమ్ము!

వేసవి మొదట్లో మంత్రసాని సుందరమ్మక్క సంఘంలో ఒక మాట చెప్పింది. పట్నంలోని పెద్ద సంఘం మూడు నెలల ఖజానా పత్రాలు కొంటోంది, మన రూపాయలనూ కలుపుకుంటుంది, సర్కారు ఆ పత్రాన్ని కొంచెం తక్కువకు అమ్మి గడువు నాటికి నిండు విలువ చెల్లిస్తుంది, ఆ పెరిగిన దానితో ఇంకొంత మందు వస్తుంది అని.

"నిరుడే సర్కారు మారింది, రేపు ఇంకెవరొస్తరో! ఆ కాగితం ఎవరికి చూపిస్తవక్కా? నేను దేవుణ్ణే నమ్ముత," అన్నాను.

"దేవుడు నీ కుండకు చౌకీదారా తమ్మీ? ఆయనకు ఇంకేం పని లేదా?" అంది. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోట్లను కుండలో పెట్టి, గుడిలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల కింద పాతి, ప్రతి ఆదివారం దాని మీదే మోకరించాను. దాన్ని విశ్వాసమన్నాను. అది భయం, సహోదరులారా! భయానికి బల్లగుడ్డ కప్పాను!

వానలు పడ్డాయి, జ్వరాలు వచ్చాయి, కుండ తవ్వాను. చెదలు! చేయి పెడితే మట్టి, నోట్ల పొట్టు. కంపౌండరు రాలేదు. పట్నానికి నడిచిపోయి నాలుగు మాత్రలు అడిగి తెచ్చేసరికి తొమ్మిదేళ్ల నా కూతురు రూతు కన్నుమూసింది. సుందరమ్మక్క మనవడూ అదే వారం పోయాడు.

దేవుని చిత్తమని ఓదార్చిన వారందరికీ తల ఊపాను. సమాధి దగ్గర మాత్రం ఆ అబద్ధం గొంతు దిగలేదు. "ప్రభువా, ఇది నా మూర్ఖత్వం. నీ పేరు చాటున దాక్కునే ఈ గుణం నుంచి నన్ను విడిపించు," అని ఏడ్చాను. ఆ ఆదివారమే కుండను తెచ్చి బల్ల మీద పెట్టి, జరిగినదంతా చెప్పాను. సుందరమ్మక్క లేచి వచ్చి నా దోసిట్లో పిడికెడు బియ్యం పోసింది. "మళ్ల మొదలువెడదాం తమ్మీ. ఈసారి పాతకు."

దేవునికే మహిమ! రూతు తిరిగి రాలేదు, నా భయం మాత్రం పోయింది, ఈ ఏడు మా రూపాయలు ఖజానా పత్రంలో ఉన్నాయి, వానలకు ముందే గడువు. దేవుణ్ణి నమ్మండి, ఆయనిచ్చిన బుద్ధినీ వాడండి. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ఇంటికి పోకండి, మీ పెద్దను నిలబెట్టి సొమ్ము చూపించమని అడగండి, అది నేలలో ఉందంటే గడ్డపార తెచ్చి అక్కడికక్కడే తవ్వండి!